ఒడ్డుకొచ్చిన సముద్రపు నాచు: ఏరుకోవాలా, అడిగి తెచ్చుకోవాలా, కొనుక్కోవాలా?

తుఫాను తీరం దాటిన రెండో రోజు పొద్దున్నే విశాఖపట్నంలో తెన్నేటి పార్కు కింది రాళ్ల దగ్గరికి దిగితే, పోటు తగ్గి పాటు మొదలైన వేళ ఇసుక మీద నాచు బారులు తీరి కనబడుతుంది. పలచని లేత ఆకుపచ్చ పొరల్లా ఉండేది ఉల్వా. చిన్న చిన్న గాలి బుడగలు కాయల్లా అంటుకొని ఉన్న గోధుమరంగుది సర్గాసమ్. ఎర్రటి దారపు చిక్కుల్లా ఉండేవి గ్రాసిలేరియా, హిప్నియా జాతులు. మిద్దె తోట పెంచేవారికి ఆ బారును చూడగానే పొటాష్ గుర్తుకొస్తుంది, వెనకే ఒక సందేహమూ వస్తుంది: దీన్ని సంచిలో నింపుకొని ఇంటికి పట్టుకుపోతే తప్పవుతుందా? ఈ ప్రశ్నకు రెండు జవాబులు ప్రచారంలో ఉన్నాయి. సముద్రం విసిరేసింది కాబట్టి ఎవరైనా తీసుకోవచ్చన్నది ఒకటి, బీచ్ నుంచి గవ్వ తెచ్చినా కేసవుతుందన్నది మరొకటి. రెండూ సరికావు. విడి నాచును పేరు పెట్టి నిషేధించిన నియమం మన తీర చట్టాల్లో లేదు, అయితే దానితో పాటు సంచిలోకి చేరే వాటి మీద, దాన్ని ఏరే చోటు మీద, ఏరిన తర్వాత చేసే పని మీద మాత్రం నియమాలు చాలానే ఉన్నాయి. అందువల్ల బీచ్‌లో ఏరుకోవడమా, జాలరుల దగ్గర అడిగి తెచ్చుకోవడమా, అంగడిలో సీసా కొనుక్కోవడమా అన్నది ఒక్క ఖర్చును చూసి తేల్చుకునే విషయం కాదు.

ముందు యాజమాన్యం సంగతి చూద్దాం. మద్రాసు రాష్ట్రం నాటి 1905 భూ ఆక్రమణల చట్టం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ అమల్లో ఉంది. పోటు గీతకు దిగువనున్న సముద్రపు అడుగు నేల ప్రభుత్వ ఆస్తి అని అందులోని రెండో సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. అంటే అలలు తడిపే ఇసుక నేల ఎవరిదీ కాని నేల కాదు, సర్కారుది. దాని మీద పడిన విడి నాచు గురించి ఆ చట్టం ఏమీ మాట్లాడదు. ఇంగ్లాండు చట్టంలో ఇంత మౌనం లేదు. అక్కడి 1949 తీర రక్షణ చట్టం ఒడ్డు నుంచి తొలగించకూడని పదార్థాలను నిర్వచిస్తూ, సముద్రపు నాచు ఆ మాట కిందికి రాదని విడిగా మినహాయించింది. మన దగ్గర అలాంటి మినహాయింపు వాక్యం లేదు కాబట్టి, ఇక్కడ ఇంటి అవసరానికి ఒక సంచి నాచు తీసుకోవడాన్ని చట్టం ఇచ్చిన హక్కుగా భావించకూడదు, ఎవరూ అడ్డు చెప్పని వెసులుబాటుగా మాత్రమే చూడాలి. ఈ రెండింటికీ ఉన్న తేడా మామూలు రోజుల్లో కనబడదు. ఎవరైనా ఆపి అడిగిన రోజున, లేదా సంచి ట్రాక్టరుగా మారిన రోజున బయటపడుతుంది.

అసలు చిక్కు నాచుతో కాదు, ఇసుకతో. తీర ప్రాంత నియంత్రణ మండలం ఉత్తర్వు, అంటే అందరూ సీఆర్‌జెడ్ అని పిలిచేది, 2011లో వచ్చినదైనా 2019లో వచ్చినదైనా, ఇసుకను, రాళ్లను, నేల అడుగు పదార్థాలను తవ్వి తీయడాన్ని నిషేధిత పనుల జాబితాలో చేర్చింది. సజీవంగా ఉన్న ఇసుక దిబ్బల రూపు మార్చడమూ అదే జాబితాలో ఉంది. పోటు, పాటు గీతల మధ్య నేల ఆ ఉత్తర్వు ప్రకారం ఒకటో తరగతిలోని రెండో ఉపవిభాగం కిందికి వస్తుంది. ఇంటి సంచిని ఎవరూ గనుల తవ్వకం అనరు గానీ, నాచుతో ఇసుక ఎంత వస్తుందో ఒకసారి స్వయంగా చూస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. పెయింటు డబ్బా పరిమాణంలో ఉన్న బకెట్టు నిండా నాచు తెచ్చి, నీళ్లు పోసి, చేత్తో కలియబెట్టి, నాచును పైకి తీసి చూశాను. అడుగున మూడు గుప్పిళ్ల ఇసుక, పగిలిన గవ్వ ముక్కలు, ముత్యాల్లాంటి థర్మోకోల్ గింజలు, మూరెడు వల దారం, గోరంత పీత ఒకటి మిగిలాయి. పీత ఇంకా బతికే ఉంది. ఆ ఇసుకలో సగం నల్లగా మెరిసింది. విశాఖ, భీమిలి మధ్య తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి 1962 అణుశక్తి చట్టం కింద అది ప్రభుత్వ నియంత్రణలోని పదార్థం. మూడు గుప్పిళ్ల వల్ల ఎవరికీ ఇబ్బంది రాదు, కాని ఈ తీరంలో ఇసుక అన్న మాట వినగానే అధికారులు ఎందుకు చెవులు నిక్కిస్తారో దీన్ని బట్టి తెలుస్తుంది. నాచును ఒడ్డునే దులిపి, అక్కడి సముద్రపు నీళ్లలోనే ఒకసారి జాడించి సంచిలో వేసుకుంటే ఇసుక, పీత రెండూ తమ చోటనే ఉంటాయి. చట్టం దృష్టిలోనూ, కుండీ దృష్టిలోనూ అదే మేలు.

తర్వాతది చోటు. ఒకే నాచు ఒక బీచ్‌లో నిరపాయం, పక్క బీచ్‌లో నేరం కావచ్చు. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం, కృష్ణా ముఖద్వారంలోని కృష్ణా అభయారణ్యం, పులికాట్ పక్షుల అభయారణ్యం, ఈ మూడింటి హద్దుల్లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఏదీ తొలగించకూడదు. అక్కడ వన్యప్రాణి అన్న మాటలోకి నీటి మొక్కలు, నేల మొక్కలు కూడా వస్తాయి. కాబట్టి ఆ హద్దుల్లో విడిగా పడిన నాచా, రాతికి అంటుకొని ఉన్నదా అన్న తర్కానికి తావు లేదు. వదిలేయడమే.

విశాఖ నగర తీరం అభయారణ్యం కాదు. అయినా జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాటిని సేకరించి కంచె వేసిన పొదుగు కేంద్రాల్లో ఉంచి, పిల్లలను సముద్రంలోకి వదులుతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు సీఆర్‌జెడ్‌లో అత్యంత సున్నితమైన విభాగం కిందికి వస్తాయి. తాబేలు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, దానికి హాని జరిగితే శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు ఉంటుంది. ఆ నెలల్లో తెల్లవారుజామున టార్చి పట్టుకొని, పోటు గీతకు ఎగువన నాచు కుప్పలను కెలకడం మంచిది కాదు. గుడ్ల గూడు పైకి కనబడదు. నా సలహా అడిగితే, ఏరాలనుకునేవారు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుఫానులు, అల్పపీడనాలు నాచును ఒడ్డుకు తోసే కాలాన్నే ఎంచుకోవాలి. అప్పటికి తాబేళ్ల కాలం మొదలు కాదు, నాచూ తాజాగా దొరుకుతుంది.

రుషికొండది వేరే సంగతి. ఆ బీచ్‌కు 2020లో, శుభ్రంగా నిర్వహించే బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. నాచు వంటి సహజ వ్యర్థాలు, ఇబ్బందిగా మారితే తప్ప, ఒడ్డు మీదే ఉండనివ్వాలన్నది ఆ గుర్తింపు షరతుల్లో ఒకటి. అది చట్టం కాదు, బీచ్‌ను నిర్వహించేవారు పాటించవలసిన ప్రమాణం. కానీ కాపలా మనిషి వచ్చి వద్దంటే అతని వెనక ఒక కారణం ఉందని తెలిసి ఉండాలి. ఖాళీ చేతులతో లోపలికి వెళ్ళడం వేరు, నాచు మూటతో బయటికి రావడం వేరు. నేవీ కంచెలున్న చోట్ల గురించి చెప్పనక్కరలేదు. ఎర్రమట్టి దిబ్బల పక్క తీరంలో కూడా నాచు కోసం దిబ్బల మీదుగా దారి చేసుకోకూడదు. అవి భూవారసత్వ స్థలాలు, కాలు పడిన చోటల్లా మట్టి జారుతుంది.

చట్టం వద్దనకపోయినా మీరే వద్దనుకోవలసిన చోటు ఇంకొకటుంది, గెడ్డ మూతి. ఊరి మురుగునీరు కలిసే గెడ్డ సముద్రంలో పడే చోట నాచు ఒత్తుగా, పచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది. ఉల్వాకు మురుగులోని నత్రజని అంటే మహా ఇష్టం, అందుకే అంత పచ్చదనం. ఆ నాచు తెచ్చి ఆకుకూరల మడిలో వేస్తే ఊరి మురుగును తెచ్చి పళ్ళెంలో వడ్డించుకున్నట్టే.

ఇక రాతి మీది నాచు, ఒడ్డు మీది నాచు అన్న తేడా. పాటు వేళ బయటపడిన రాళ్లకు అంటుకొని ఉన్న నాచును చాకుతో గీకి తీయడం, అలలు తెచ్చి పడేసినదాన్ని ఏరడం పైకి ఒకటే పనిలా కనిపిస్తాయి, కాని కొన్ని చోట్ల చట్టం ఈ రెండింటినీ వేరుగానే చూస్తుంది. అమెరికాలోని మేన్ రాష్ట్ర సుప్రీం కోర్టు 2019లో ఇచ్చిన తీర్పు దీనికి మంచి ఉదాహరణ. పోటు, పాటుల మధ్య రాళ్లకు అంటుకొని పెరిగే రాక్‌వీడ్ అనే నాచు ఆ ఒడ్డు భూమి యజమానికే చెందుతుందని, ప్రజలకు చేపలు పట్టే హక్కు ఉన్నంత మాత్రాన దాన్ని కోసుకునే హక్కు రాదని ఆ తీర్పు సారాంశం. అది జీవించి ఉన్న, అంటుకొని ఉన్న నాచు గురించి మాత్రమే. మన వైపు ఇదే తేడా బతుకుతెరువు ప్రశ్నగా మారింది తమిళనాడులో. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవులతో మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానవనాన్ని 1986లో ప్రకటించారు. తరతరాలుగా ఆ దీవుల చుట్టూ నీట మునిగి, చేతులతో నాచు కోసే రామనాథపురం జిల్లా జాలరి స్త్రీలకు ఆ తర్వాత దీవుల దగ్గరికి వెళ్లడమే అటవీ శాఖతో గొడవైపోయింది. ఆ స్త్రీలకు నాయకత్వం వహించిన లక్ష్మీ మూర్తికి 2015లో, దీవుల పర్యావరణం కోసం పనిచేసే సీకాలజీ సంస్థ బహుమతి వచ్చింది. కోతకు నెలలో ఇన్ని రోజులే వెళ్లాలని తమకు తామే కట్టడి పెట్టుకున్న ఆ స్త్రీలను ఆపి, సరదాకు రాళ్లు గీకే తోటమాలిని వదిలేయాలని ఎవరం అడగలేం. రాతి మీద పెరుగుతున్న నాచును ముట్టుకోకండి. అది చేపపిల్లల మేత, పీతల ఇల్లు. పైగా ఎరువుగా దానికీ, ఒడ్డున పడినదానికీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

నాచులో చిక్కుకొని వచ్చే ప్రాణుల మీద కూడా కన్నుండాలి. నీటి గుర్రాలు, సముద్ర దోసకాయలు, పగడాలు, సముద్రపు విసనకర్రలు వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. చనిపోయి, ఎండిపోయి నాచులో చుట్టుకొని వచ్చినా వాటిని ఇంటికి తేవడం నేరమే అవుతుంది. తెచ్చినవాడికి తెలియదు అన్నది పెద్దగా పనికొచ్చే సమాధానం కాదు. ఒడ్డునే దులపమని పైన చెప్పిన దానికి ఇది రెండో కారణం.

ఏరిన తర్వాత చేసే పనికి వస్తే, ఇక్కడ నియమం సూటిగా ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ఏడో సెక్షన్ ప్రకారం జీవ వనరును వ్యాపార వినియోగం కోసం తీసుకునే భారతీయులు ముందుగా రాష్ట్ర జీవవైవిధ్య మండలికి తెలియజేయాలి. స్థానిక ప్రజలకు, సాగుదారులకు మినహాయింపు ఉంది. తోటపనిలోని సంప్రదాయ వాడుక వ్యాపార వినియోగం కిందికి రాదని ఆ చట్టపు నిర్వచనమే చెబుతుంది. కాబట్టి మీ కుండీలకు మీరు వాడుకుంటే ఈ చట్టం తలుపు తట్టదు. అదే నాచును ఎండబెట్టి, పొట్లాలు కట్టి, మిద్దె తోటల గ్రూపులో కిలో ఇంత అని అమ్మడం మొదలుపెడితే తట్టవచ్చు. ఊరి జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి తన పరిధిలో వ్యాపారానికి ఏరేవారి నుంచి రుసుము వసూలు చేసే అధికారమూ ఉంది. ప్రవాస భారతీయులకు మూడో సెక్షన్ ఇంకాస్త కఠినం. వారు వ్యాపారానికో, పరిశోధనకో జీవ వనరు తీసుకోవాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. సెలవులకు వచ్చి అమ్మానాన్నల మిద్దె తోటకు ఒక బకెట్టు నాచు మోసినవారిని ఇది తాకదు గానీ, నాచు ఎరువుల అంకుర సంస్థ పెడదామని నమూనాలు సేకరించేవారు ముందే చూసుకోవాలి. ఈ చట్టం కాగితాలకే పరిమితం అనుకునేవారికి ఒక ఉదాహరణ: తమిళనాడు తీరంలో సాగైన కప్పాఫైకస్ అనే ఎర్ర నాచును ఎగుమతి చేసిన పెప్సికో సంస్థ ఆ ప్రాధికార సంస్థకు ప్రయోజన వాటా చెల్లించింది. 2023 సవరణతో జైలు శిక్షలు పోయి, వాటి స్థానంలో లక్ష రూపాయల నుంచి మొదలయ్యే జరిమానాలు వచ్చాయి.

చట్టం అంత మేరకు. ఇప్పుడు ఎంపికల దగ్గరికి వస్తే, ఒడ్డున ఏరిన నాచుకు ఉన్న గొప్ప గుణం అది బస్తా నిండా సేంద్రియ పదార్థం కావడం. పొటాష్ బాగుంటుంది, నత్రజని ఒక మోస్తరు, భాస్వరం తక్కువ, సూక్ష్మ పోషకాలు రకరకాలు. కలుపు గింజలు ఉండవు, ఇది గెత్తానికి లేని సుగుణం. తమిళనాడు, కేరళ తీరాల్లో కొబ్బరి చెట్ల పాదుల్లో ఇలా ఒడ్డుకొచ్చిన నాచును వేయడం పాత అలవాటే. కాని తాజా నాచులో ఎక్కువ భాగం నీరే. మోసింది పది కిలోలైతే ఎండేసరికి రెండు కిలోలు కూడా మిగలకపోవచ్చు. ఉప్పు కడగాలంటే కనీసం రెండు సార్లు మంచినీళ్లు పోయాలి, విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో మేఘాద్రిగెడ్డ నీటిని అలా పారబోయడానికి మనసొప్పదు. కడగకుండా వేస్తే బీన్స్, మిరప నారు వంటివి ఆకు అంచులు మాడి చెబుతాయి. కొబ్బరి, బీట్‌రూట్, పాలకూర కొంత తట్టుకుంటాయి. మూట కట్టి రెండు రోజులు మరిచిపోతే కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది, అపార్టుమెంటులో పక్కింటివారితో పేచీ ఖాయం. ఇంకో మాట: సర్గాసమ్ వంటి గోధుమరంగు నాచులు నీటిలోని ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని తమలోకి పీల్చుకునే స్వభావం గలవి. హిజికి అనే సర్గాసమ్ రకాన్ని తినవద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ హెచ్చరించింది కూడా. ఆ కుటుంబపు నాచును పూల మొక్కలకు, కొబ్బరికి పరిమితం చేసి, ఆకుకూరలకు, దుంపలకు ఉల్వా వంటి పచ్చనాచును మాత్రమే వాడటం నా పద్ధతి.

రెండో దారి చాలామందికి తట్టనిది, అడిగి తెచ్చుకోవడం. జాలరి పేటల్లో తెల్లవారాక వలలు ఒడ్డుకు లాగినప్పుడు చేపలతో పాటు నాచూ వస్తుంది. దాన్ని ఏరి పారేయడం వాళ్లకు రోజూ ఉండే చాకిరి. అలివి వల, అంటే ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల, లాగే చోట కాసేపు నిలబడి, వల తీసి సర్దేదాకా ఆగి, "అన్నా, ఆ పాచి మీకు అక్కర్లేకపోతే నేను తీసుకెళ్లనా?" అంటే కాదన్నవారిని నేను చూడలేదు. చెయ్యి వేసి వల దులపడంలో సాయం చేస్తే ఇంకా సంతోషం. ఇందులో చట్టపరంగా మీకు ఒక నిశ్చింత ఉంది: నాచు అప్పటికే ఒకరి చేతికి వచ్చిన వస్తువు, వాళ్లు వద్దని పక్కన పడేసింది, మీరు ఇసుకను తవ్వలేదు, పోటు గీతను కెలకలేదు. ఇసుక తక్కువ, తాజాదనం ఎక్కువ. లోపం ఒక్కటే, మీకు కావలసిన రోజున రాదు, వచ్చిన రోజున మీకు తీరిక ఉండదు. వల దారం ముక్కలు మాత్రం జాగ్రత్తగా ఏరాలి, నైలాన్ కంపోస్టులో కరగదు.

మూడోది సీసా. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ కప్పాఫైకస్ నాచు నుంచి రసం తీసే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఇఫ్కో వారి సాగరిక వంటి ఉత్పత్తులు ఇప్పుడు పల్లెల్లోని ఎరువుల దుకాణాల్లో కూడా దొరుకుతున్నాయి. 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వుకు చేసిన సవరణతో నాచు సారాలు జీవ ఉత్తేజకాలు అనే విభాగం కిందికి వచ్చాయి. అంటే తయారీదారు నమోదు చేసుకోవాలి, నాణ్యతా ప్రమాణాలు పాటించాలి. కొనేవారికి ఇందులో ఏ చట్టపు చిక్కూ లేదు. సీసా మీద ఆ ఉత్తర్వు ప్రస్తావన, తయారీ తేదీ, బ్యాచి నంబరు ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. ఇవేవీ లేకుండా, చేత్తో రాసిన లేబులుతో సంతలో దొరికే నల్లటి ద్రవాన్ని కొనకండి, అందులో నాచు ఎంతో బెల్లం నీళ్లు ఎంతో చెప్పడం కష్టం. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: సీసా ఎరువుకు బదులు కాదు. లీటరు నీటికి రెండు మూడు మిల్లీలీటర్లు కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే వేళ్లకు, పూతకు ఊపు వస్తుంది, మట్టికి మాత్రం పిడికెడు పదార్థం కూడా చేరదు. కుండీలో మట్టి గట్టిపడిందని సాగరిక కొట్టేవారిని చూస్తుంటాను, వారికి కావలసింది కంపోస్టు.

నాచు లేకుండా గడిపేయడం కూడా ఒక దారే, హైదరాబాదులోనో వరంగల్‌లోనో ఉండేవారికి అదే సరైన దారి. అరటి తొక్కలు, కట్టెల పొయ్యి బూడిద కొద్దిగా, వర్మీ కంపోస్టు కలిస్తే పొటాష్ లోటు చాలావరకు తీరుతుంది. తీరంలో ఉండేవారు మాత్రం నాచు వద్దనుకొని పక్కనున్న సరుగుడు తోటలోకి వెళ్లి ఎండుటాకు ఊడ్చుకొస్తే పెనం మీంచి పొయ్యిలో పడినట్టే. ఆ తోటల్లో చాలా వాటిని తుఫాను గాలులకు అడ్డుగా అటవీ శాఖ పెంచుతోంది. రిజర్వు అడవి హద్దులో ఆకు ఏరడం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం పరిధిలోకి వస్తుంది. ఒడ్డున విడి నాచు విషయంలో ఉన్న వెసులుబాటు అక్కడ లేదు.

ఎవరికి ఏది నప్పుతుందంటే, బాల్కనీలో పదీ పదిహేను కుండీలున్నవారు సీసాతో ఆగిపోవడం మంచిది. అంత చిన్న తోటకు నాచు కడిగే శ్రమ, వాసన, నీళ్లు దండగ. నగరంలోనే ఉండి, మిద్దె మీద యాభై అరవై కుండీలు, సొంత కంపోస్టు డ్రమ్ము ఉన్నవారికి ఏడాదికి రెండు మూడు బకెట్ల నాచు చక్కగా సరిపోతుంది. ఏరుకున్నా, అడిగి తెచ్చుకున్నా పరవాలేదు, నేనైతే అడగడానికే మొగ్గుతాను. భోగాపురం వైపో, పూడిమడక వైపో తీరానికి దగ్గరగా అరెకరం కొబ్బరి ఉన్నవారికి బకెట్లు చాలవు, బండెడు కావాలి. అక్కడికి వచ్చాక ఇది ఇంటి వాడకం అన్న వాదన పలచబడుతుంది. ట్రాక్టరు చక్రం పోటు గీత దాటిందంటే ఇసుక దిబ్బలు, తాబేళ్ల గూళ్లు, గ్రామపు జాలరుల హక్కులు అన్నీ లెక్కలోకి వస్తాయి. అలాంటివారు ముందు పంచాయతీతో, జాలరి పెద్దలతో మాట్లాడి, తహసీల్దారుకు ఒక కాగితం పెట్టి, తమ తీరం సీఆర్‌జెడ్ పటంలో ఏ తరగతిలో ఉందో చూసుకొని దిగాలి. సీఆర్‌జెడ్ ఉల్లంఘనకు పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఇప్పుడు పడే జరిమానా పదివేల రూపాయల నుంచి పదిహేను లక్షల దాకా ఉంటుంది. బండెడు నాచు అంత ఖరీదు చేయదు. ఆ శ్రమ పడలేనివారికి పశువుల గెత్తం, పొటాష్ బస్తా, ఏడాదికి నాలుగు పిచికారీలు అన్న లెక్క తేలిక.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు అక్కడి పెరటి తోటలకు ఇదే ప్రశ్న అడుగుతుంటారు, జవాబు మాత్రం ప్రతి చోటా మారుతుంది. ఇంగ్లాండు, వేల్స్‌లలో పోటు పాటుల మధ్య నేలలో దాదాపు సగం బ్రిటిష్ రాజరికపు ఆస్తులను చూసే క్రౌన్ ఎస్టేటు అనే సంస్థది. సొంత వాడకానికి చేత్తో కొద్దిగా ఏరుకోవడానికి వారు అభ్యంతరం పెట్టరు, వ్యాపారానికైతే లైసెన్సు కావాలి. మిగతా సగం స్థానిక సంస్థలదో, ప్రైవేటువారిదో, సంరక్షణ ట్రస్టులదో కాబట్టి ఆ బీచ్ ఎవరిదో ముందు కనుక్కోవాలి. శాస్త్రీయ ప్రాధాన్య స్థలంగా గుర్తించిన తీరమైతే వదిలేయాలి. కాలిఫోర్నియాలో సొంత వాడకానికి సముద్ర నాచుకు రోజుకు మనిషికి 10 పౌండ్ల తడి బరువు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు, పరిమితి ఉంది. సీ పామ్ అనే నాచును, ఈల్ గ్రాస్, సర్ఫ్ గ్రాస్ అనే సముద్రపు గడ్డులను కోయడం, కదిలించడం నిషేధం. సముద్ర రక్షిత ప్రాంతాల్లో ఆ నాలుగున్నర కిలోలకూ తావు ఉండకపోవచ్చు. విశాఖలో తీసుకున్నట్టే ఇక్కడా తీసుకుందాం అనుకోవడం ప్రమాదం. మన దగ్గర చట్టం మౌనంగా ఉన్న చోట అక్కడ తూకపు రాయి పట్టుకొని నిలబడుతుంది.

ఏరడానికే నిశ్చయించుకున్నవారికి చివరగా పని పద్ధతి. పాటు వేళ చూసుకొని వెళ్లండి, అలలకు దగ్గరగా ఇంకా తడిగా ఉన్న విడి నాచునే తీసుకోండి, పోటు గీత మీద ఎండిన పాత బారును ఇసుక పురుగులకు, పిట్టలకు వదిలేయండి. ఒక చోట కుప్పంతా ఎత్తకుండా, పది అడుగులకో పిడికెడు చొప్పున నడుస్తూ ఏరితే బకెట్టు నిండేసరికి ఉదయపు నడక కూడా పూర్తవుతుంది. రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్ట అయితే సముద్రంలోనే ముంచి ఇసుక వదిలించవచ్చు, గోనె సంచితో ఆ వీలు లేదు. పలుగు, పార వంటివి వెంట తీసుకెళ్లకండి. చేతిలో పార ఉన్న మనిషి ఏం తీసుకున్నా చూసేవారికి ఇసుక దొంగలాగే కనబడతాడు. ఇంటికి తెచ్చాక రెండు నీళ్లు కడిగి, రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టి, కత్తెరతో తుంచి, ఒక వంతు నాచుకు మూడు నాలుగు వంతుల ఎండుటాకు కలిపి డ్రమ్ములో వేయండి. ఒడ్డున హోంగార్డో, తీర పోలీసో, అటవీ సిబ్బందో ఆపితే చట్టం సెక్షన్లు వల్లించకండి. బుట్ట చూపించండి, ఇంటి మొక్కలకని చెప్పండి, వద్దంటే అక్కడే బోర్లించి వచ్చేయండి. మళ్లీ పోటుకు అది సముద్రంలో కలుస్తుంది, మీకు అలివి వల దగ్గర ఇంకో బుట్ట దొరుకుతుంది.